పగటి యూనిట్లు, రాత్రి యూనిట్లు: మా మేడ మీది సోలారు, నాగపూర్ విచారణ

నేను మైకు పట్టుకుని మాట్లాడింది జీవితంలో రెండేసార్లు. మొదటిది రైల్వేలో గూడ్స్ గార్డుగా రిటైరైన రోజు. దండలేసి మాట్లాడమంటే గొంతు పూడుకుపోయి రెండు ముక్కల్లో ముగించేశాను. రెండోది 2025లో నాగపూర్‌లో, కరెంటు రేట్లు ఖరారు చేసే రాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ వాళ్ల బహిరంగ విచారణలో. అక్కడ గొంతు బాగానే లేచింది. కోపం మీదున్నాను మరి.

మాది మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలోని బల్లార్షా. కాగితాల మీద బల్లార్‌పూర్ అని ఉంటుంది కానీ రైల్వేవాళ్లం ఎవరం అలా అనం. తాతది వార్ధా నది అవతలి రాజురా. 1956కు ముందు అది హైదరాబాద్ రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లాయే. తరువాత గీత మారింది, మేం మారలేదు. మరాఠీలో చదివాను, హిందీలో నౌకరీ చేశాను, ఇంట్లో మాత్రం తెలుగే. మా వాడలో పొద్దున నల్లా దగ్గర కొట్లాట తెలుగులో మొదలై మరాఠీలో ముగుస్తుంది.

మా జిల్లాలో కరెంటు కథ తమాషాగా ఉంటుంది. చంద్రపూర్ థర్మల్ కేంద్రం కెపాసిటీ 2,920 మెగావాట్లు. బొగ్గు మా కాళ్ల కింద, పొగ మా నెత్తిన, కరెంటు రాష్ట్రమంతటికీ. మే నెలలో 47 డిగ్రీలు దాటే ఎండ కూడా మాదే. ఆ ఎండనైనా కాస్త వాడుకుందామని 2024లో పీఎం సూర్యఘర్ పథకం కింద మేడ మీద మూడు కిలోవాట్ల సోలారు పెట్టించాను. ఆరు ప్యానెళ్లు. మొత్తం 1,95,000 అయితే కేంద్రం సబ్సిడీ 78,000 నా ఖాతాలో పడింది. ఈ పని సులువుగానే అయిపోయింది కాబట్టి దాని గురించి పెద్దగా రాయను. పోర్టల్‌లో దరఖాస్తు మా అబ్బాయి పెట్టాడు, గుత్తేదారు మనుషులు రెండు రోజుల్లో బిగించి పోయారు, పది రోజులకు నెట్ మీటరు వచ్చింది.

తంటా అంతా ఆ తరువాతే.

నెట్ మీటరు అంటే రెండు వైపులా లెక్కపెట్టే మీటరు. మనం కంపెనీ తీగ నుంచి తీసుకున్న యూనిట్లు ఒక అంకె, మన ప్యానెళ్లు తయారుచేసినదాంట్లో మన వాడకం పోగా మిగిలి తీగలోకి పోయిన యూనిట్లు ఇంకో అంకె. మొదటి దాంట్లోంచి రెండోది తీసేసి మిగిలినదానికే బిల్లు. ఎక్కువ ఇచ్చి ఉంటే వచ్చే నెలకు జమ. గార్డు పని చేసినవాడికి ఒక రోగం ఉంటుంది, ఏది చూసినా టైము వేసి రాసుకోవడం. ఏ స్టేషన్‌లో ఎన్ని నిమిషాలు ఆగాం, సిగ్నల్ ఎప్పుడు పడింది అన్నీ జర్నల్‌లో రాసి రాసి చేతికి అలవాటైపోయింది. మీటరు బిగించిన రోజు నుంచే ఒక రూళ్ల నోటుబుక్కు తీసి, పొద్దున ఆరింటికి, సాయంత్రం ఆరింటికి రెండు అంకెలూ రాయడం మొదలుపెట్టాను. మా ఆవిడ నవ్వింది. "రైలు లేకున్నా గార్డు డ్యూటీ దిగలే" అంది.

ఆ నోటుబుక్కే రెండుసార్లు నా పరువు కాపాడింది.

మొదటి బిల్లు 2,690 రూపాయలు వచ్చింది. తీసుకున్నది 240 యూనిట్లు, ఇచ్చింది సున్నా. నా పుస్తకంలో చూస్తే ఇచ్చింది 251. బిల్లు పట్టుకుని ఆఫీసుకు పోయాను. కిటికీ అవతల కుర్రాడు కంప్యూటర్‌లో చూసి, "కాకా, మీ మీటరు మారింది కానీ బిల్లింగ్‌లో మీరింకా పాత గ్రాహకే" అన్నాడు. అంటే సోలారు లేని మామూలు వినియోగదారుణ్ణే. అయితే మార్చమన్నాను. అది పైనుంచి మారాలట. పైన ఎక్కడంటే, వేలు చంద్రపూర్ వైపు చూపించాడు. ఇంకోసారి పోతే ముందు బిల్లు కట్టండి, తరువాత సర్దుతారు అన్నారు. మూడోసారి మాటలు మానేశాను. నా నోటుబుక్కు పేజీల జిరాక్సు, మీటరు డిస్‌ప్లే ఫోటోలు, మీటరు బిగించినప్పటి కాగితం కుట్టి మరాఠీలో ఒక అర్జీ రాసి, రెండో ప్రతి మీద ఆవక్ ముద్ర, అంటే కాగితం అందినట్టు ఆఫీసు ముద్ర, వేయించుకున్నాను. ఇక్కడి సర్కారీ పనుల్లో ఆవక్ ముద్ర పడనంతవరకు మనం అక్కడికి వెళ్లనట్టే లెక్క. చివర్న, 2003 విద్యుత్ చట్టం 42(5) సెక్షన్ కింద వినియోగదారుల ఫోరానికి పోతానని ఒక వాక్యం చేర్చాను. పోవాల్సిన పని పడలేదు. పై నెల బిల్లులో యూనిట్లు సర్దారు, కట్టినది జమ అయింది. అప్పట్నుంచి నెల బిల్లు నూట యాభై లోపే. ఫిక్స్‌డ్ చార్జీ, దాని మీద సుంకం, అంతే.

ఈ ఫిక్స్‌డ్ చార్జీ సంగతి గుర్తుపెట్టుకోండి. ఒక్క యూనిటు కూడా లెక్కకు రాని నెలలో సైతం అది కడుతూనే ఉన్నాను. సోలారువాళ్లు తీగకు పైసా కట్టరు అని తరువాత విన్నప్పుడు ఒళ్లు మండింది ఇందుకే.

అలా హాయిగా నడుస్తుండగా 2025 మొదట్లో పేపర్లో ఒక పెద్ద నోటీసు పడింది. పంపిణీ కంపెనీ వచ్చే ఐదేళ్ల రేట్ల కోసం కమిషన్ ముందు పిటిషన్ వేసింది, జనం తమ "హర్కతి, సూచన" పంపవచ్చని. మా అమ్మ మేం చేసే కోతిపనులను హర్కత్ అనేది. మరాఠీలో హర్కత్ అంటే అభ్యంతరం. నాలాంటివాడు ఆ వయసులో చేయబోయే పనికి రెండర్థాలూ సరిపోతాయి.

నోటీసు చూసి నేనైతే పక్కన పెట్టేసేవాణ్ణే. సాయంత్రం చాయ్‌కి వచ్చిన దోస్తు ఒకడు, కరెంటు ఖాతాలోనే లైన్‌మన్‌గా చేసి దిగినవాడు, "నీ సోలారు లెక్క మారుస్తున్నరట, చూసినవా?" అన్నాడు. అబ్బాయి ఫోన్‌లో పిటిషన్ తెరిచాడు. వందల పేజీలు. మరాఠీలో ఉన్న సారాంశం చదువుకుంటూ పోతే దొరికింది. పగలు 9 నుంచి సాయంత్రం 5 దాకా సోలారు వేళలు. ఆ వేళల్లో మా ప్యానెళ్లు తీగలోకి ఇచ్చిన యూనిట్లను ఆ వేళల్లో మేం తీసుకున్న వాటిలోంచే తీస్తారు. సాయంత్రం 5 దాటాక వాడినదానికి మామూలు రేటు ప్రకారం బిల్లు.

చదివి చాలాసేపు నాకు అర్థం కాలేదు. ఆ ముక్కలో రేటు పెంచిన మాట లేదు, కొత్త రుసుము అన్న మాటా లేదు. మరి నష్టమెక్కడ?

నోటుబుక్కు తీశాను. నా అంకెలు ఆరు నుంచి ఆరుకు ఉన్నాయి, వాళ్ల లెక్క తొమ్మిది నుంచి ఐదుకు. మరునాడు నుంచి రీడింగు వేళలు మార్చాను. పదిహేను రోజులు పొద్దున 9కి, సాయంత్రం 5కి ఠంచనుగా మీటరు ముందు నిలబడ్డాను. పెళ్లికి పోవాల్సిన రోజు కోడలికి అప్పజెప్పి పోయాను. పదిహేను రోజుల్లో మేం తీగలోకి ఇచ్చింది 124 యూనిట్లు. తీసుకున్నది 118. ఆ 118లో పగలు తీసుకున్నవి 9, మిగతా 109 రాత్రివే. ఇప్పటి పద్ధతిలో బిల్లు ఏమీ రాదు, ఇంకా 6 జమ. కొత్త పద్ధతిలో పగటి 9 పోగా, 115 యూనిట్లు పగటి ఖాతాలో ఊరికే మూలుగుతుంటాయి, రాత్రి 109కి డబ్బు కట్టాలి. నెలకు 218 అనుకుందాం. అప్పటి రేట్లలో వీలింగ్ చార్జీ, అంటే తీగల మీద కరెంటు మోసుకొచ్చినందుకు వేసేది, కలుపుకుని మొదటి 100 యూనిట్లకు యూనిటు 5.88 రూపాయలు, ఆ పైన 300 దాకా 11.46. అంటే 588, దాని మీద 1,352. ఫిక్స్‌డ్ చార్జీ, 16 శాతం విద్యుత్ సుంకం కూడా కలిపితే 2,400 దగ్గరికి పోతుంది. నూట యాభై ఎక్కడ, రెండువేల నాలుగువందలు ఎక్కడ!

రుసుము అని పేరు పెడితే జనం మొత్తుకుంటారు. లెక్కపెట్టే తీరు మారిస్తే సగం మందికి బిల్లు వచ్చేదాకా తెలియదు. నేను చెప్పదలుచుకున్నదంతా ఈ ఒక్క ముక్కే, విచారణలోనూ ఇదే చెప్పాను.

ఆ మాట నాకు అంత తేటగా తట్టింది మా ఆవిడ వల్ల. వంటింట్లోంచి నా లెక్కలు వింటూ ఉంది. "గిదేం చోద్యం? పొద్దుగాల పక్కింటామెకు గిన్నెడు చక్కెర చేబదులిచ్చిన. రాత్రి చుట్టాలొస్తే నా చక్కెర నాకియ్యమంటే, గది పగటి చక్కెర, రాత్రి చక్కెర కావాలంటే కొనుక్కో అన్నదట. గట్లున్నది వీళ్ల ముచ్చట" అంది. నేను నోటుబుక్కు చివరి పేజీలో ఆ మాటలు ఆమె అన్నవి అన్నట్టే రాసుకున్నాను.

అవతలి పక్షం మాట కూడా చెప్పాలి. లైన్‌మన్ దోస్తు ఊరుకునే రకం కాదు. "రాత్రి నీ ప్యానెల్ పండుకుంటది. ట్రాన్స్‌ఫార్మర్ నీ కోసం మేలుకొనే ఉంటది గదా. గాలివానకు తీగ తెగితే నడిరాత్రి స్తంభమెక్కింది నీ సోలారా, నేనా?" అన్నాడు. నిజమే. ఇంకో మాట కూడా అన్నాడు, అది నాకు రెండు రోజులు నిద్ర పట్టనివ్వలేదు. "సొంత మేడ ఉన్నోనికి సోలారు. కిరాయి ఇంట్లో ఉన్నోని సంగతేంది? నువ్వు కట్టని పైసలు వాని బిల్లులకే పోతయి."

దీనికి నా దగ్గర సగం జవాబే ఉంది. నా మేడ మీద మధ్యాహ్నం పుట్టిన యూనిటు ఊరు దాటిపోదు, మూడో ఇంటి ఫ్రిజ్‌లోకి పోతుంది. ఆ మూడో ఇంటాయన దగ్గర కంపెనీ వీలింగ్‌తో సహా పూర్తి ధర వసూలు చేస్తుంది. ఆ యూనిటు కోసం బొగ్గు కాల్చలేదు, వందల కిలోమీటర్ల తీగల్లో పోగొట్టుకోలేదు. తీగకు, స్తంభానికి ఖర్చుంటుంది, ఆ ఖర్చు ఇంత అని తేల్చి ఫిక్స్‌డ్ చార్జీలో అడిగితే కడతాను. లెక్క మార్చి నా యూనిటును సగం ధరకు కూడా చెల్లకుండా చేస్తే మాత్రం ఒప్పుకోను. కిరాయి ఇంటాయన గురించి మాత్రం నా దగ్గర జవాబు లేదు. దోస్తుకు అదే చెప్పాను.

ఆ వారంలోనే అమెరికాలోని అలబామాలో ఉండే మా మేనల్లుడు ఫోన్ చేశాడు. ఇక్కడి గొడవ చెబితే నవ్వాడు. అక్కడ సోలారు పెట్టుకుంటే కిలోవాటుకు నెలకు ఐదు డాలర్ల పైన కట్టాలట. వెనక దన్నుగా గ్రిడ్, అంటే కంపెనీ తీగల వ్యవస్థ, నిలబడినందుకు రుసుమట. దాని మీద కేసులు నడిచాయి, అక్కడి కమిషన్ 2020లో అది సబబే అంది. "అందుకే ఇక్కడ మేడల మీద పెద్దగా కనబడవు మామా" అన్నాడు.

అభ్యంతరం కమిషన్ పోర్టల్‌లో పెట్టాలి. పేరు, చిరునామా, గ్రాహక సంఖ్య, స్వయంగా వచ్చి మాట్లాడతారా లేదా అన్న గడి. అబ్బాయి "లేదు" మీద వేలు పెట్టబోతే ఆపి "అవును" నొక్కించాను. రెండు పేజీల్లో రాశాను. మొదటి ప్రతిలో తిట్లు ఎక్కువ, అంకెలు తక్కువ. పక్కింటి మరాఠీ ఆవిడ హైస్కూల్లో చెప్పి రిటైరైంది, ఎర్ర పెన్నుతో తిట్లన్నీ కొట్టేసి పదిహేను రోజుల అంకెల పట్టిక ముందుకు తెచ్చింది. కొద్ది రోజులకు కంపెనీ నుంచి రాతపూర్వకంగా జవాబు వచ్చింది. నా అంకెల ఊసే లేదందులో. మా వాడలో ఇంకో సోలారు ఆయనకు వచ్చిన జవాబు పక్కన పెట్టి చూస్తే, పేరు తప్ప అక్షరం తేడా లేదు.

విచారణ రోజు తెల్లవారుజామున బండెక్కాను. ఎన్ని వేలసార్లు వెనక బ్రేక్‌వ్యాన్‌లో కూర్చుని పోయిన దారో. భాండక్, వరోరా, హింగన్‌ఘాట్, సేవాగ్రామ్, ఒక్కో స్టేషన్ దాటుతుంటే చెయ్యి దానంతటదే గడియారం వైపు పోతోంది. ఇప్పుడు గార్డును ట్రైన్ మేనేజర్ అంటున్నారు, జీతం అదే. నాగపూర్ స్టేషన్ బయట తర్రీ పోహా తిన్నాను. మసాలా రసం నోటుబుక్కు అట్ట మీద పడి మరక ఇప్పటికీ అలాగే ఉంది.

హాలు నిండిపోయింది. గుమ్మం దగ్గర పేరు రాసుకుని నంబరు ఇస్తున్నారు. నాది అరవై దాటింది. వేదిక మీద కమిషన్‌వాళ్లు, ఎదురుగా ముందు వరసలో కంపెనీ అధికారులు, ఒళ్లో ఫైళ్లు. మొదట పరిశ్రమలవాళ్ల తరఫున వకీళ్లు, ఇంగ్లీషు, పెద్ద పెద్ద అంకెలు. తరువాత స్పిన్నింగు మిల్లులవాళ్లు, రైతులు. ఒక రైతు పంపుసెట్టు బిల్లు తలపాగాలోంచి తీసి చూపించాడు. మా సోలారువాళ్లు వస్తున్న కొద్దీ హాల్లో వేడి పెరిగింది. ఒకావిడ, "సబ్సిడీ ఇచ్చి పెట్టించింది మీరే, పెట్టాక గొయ్యి తవ్వుతున్నదీ మీరే" అంది. మీరంటే ఎవరు, కేంద్రమా, కంపెనీయా, కమిషనా? ముగ్గురూ వేరు వేరు. అక్కడ కూర్చున్న సగం మందికి ఆ తేడా పట్టలేదు. ఎందుకు పట్టాలి?

పక్క కుర్చీలో ఒక పెద్దమనిషి, వినియోగదారుల తరఫున ఏళ్ల తరబడి ఇలాంటి విచారణలకు వస్తున్నవాడు, వెనకటి కథ చెప్పాడు. 2019లోనే నెట్ మీటరింగ్ నిబంధనలు మార్చే ఒక ముసాయిదా వచ్చిందట. అప్పుడు రాష్ట్రమంతటా అభ్యంతరాలు వెల్లువెత్తితే ఆ డిసెంబర్‌లో వచ్చిన నిబంధనల్లో నెట్ మీటరింగ్ నిలిచింది. "గ్రిడ్ సపోర్ట్ చార్జీ" అనే మాట, అంటే సోలారువాళ్లకు గ్రిడ్ దన్నుగా ఉన్నందుకు వేసే రుసుము, మాత్రం అందులో చేరింది. మంజూరైన లోడు పది కిలోవాట్ల లోపు ఉన్నవాళ్లకు మినహాయింపు. మిగతావాళ్లకైనా రాష్ట్రంలో మేడల మీది సోలారు 5,000 మెగావాట్లకు చేరేదాకా వెయ్యొద్దని 2020 మార్చి 30 నాటి ఉత్తర్వు. లాక్‌డౌన్ మొదటి వారం కదా, ఎవరికీ పట్టలేదు. ఆయన వేళ్ల మీద లెక్కపెడుతూ చెబుతుంటే నా బుర్రలో దీపం వెలిగింది. మాలాంటి చిన్న ఇళ్ల మీద పేరు పెట్టి చార్జీ వెయ్యడానికి లేదు. వెయ్యకుండానే అదే డబ్బు రాబట్టే దారి ఈ వేళల లెక్క. తప్పయితే తప్పు కానీ, నాకప్పుడు అలాగే అనిపించింది, ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది.

నా నంబరు పిలిచేసరికి మూడు దాటింది. ఇంటి దగ్గర మరాఠీలో బట్టీ పట్టిన ఉపన్యాసం మైకు ముందుకు పోయేసరికి సాంతం ఎగిరిపోయింది. నోటుబుక్కు తెరిచి అంకెలు చదివాను. తేదీ, 9 గంటలు, ఇంత తీసుకున్నది, ఇంత ఇచ్చింది. 5 గంటలు, ఇంత, ఇంత. నాలుగు రోజులవి చదివేసరికి వేదిక మీద ఒకరు, "రోజూ మీరే చూశారా?" అని అడిగారు. "గూడ్స్ గార్డుని సార్. ఒక రోజు మాత్రం కోడలు చూసింది" అన్నాను. హాల్లో నవ్వులు. ఆ నవ్వుతో భయం తగ్గింది. అప్పుడు మా ఆవిడ చక్కెర చెప్పాను. చేబదులుకు మరాఠీలో ఉసన్‌వారీ అంటారు, ఆ మాట సమయానికి తట్టింది. "ఉసన్‌వారీకి పగలూ రాత్రీ ఉండదు సాహెబ్, తీసుకున్న గిన్నెతో తిరిగివ్వడమే" అన్నాను. ముందు వరసలో కంపెనీ అధికారి ఒకాయన కూడా తల వంచుకుని నవ్వాడు. నాకు దక్కింది మూడు నాలుగు నిమిషాలు. బెల్లు మోగింది. నోటుబుక్కు జిరాక్సు కట్ట అక్కడ బల్ల మీద ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర అడిగాను. అలవాటు.

తిరుగు బండిలో నిలబడే వచ్చాను, రద్దీ. సేవాగ్రామ్ దాటాక సీటు దొరికింది.

2025 మార్చి 28న ఉత్తర్వు వచ్చింది. అబ్బాయి చదివి, ఇళ్ల మీది సోలారువాళ్ల రాత్రి లెక్క జోలికి పోలేదని చెబితే ఇంట్లో జిలేబీలు తెప్పించాం. అవి పూర్తిగా అరగక ముందే, ఏప్రిల్ 2న ఆ ఉత్తర్వు మీద స్టే. కంపెనీ పునఃసమీక్ష అడిగింది. మళ్లీ గుబులు. జూన్ 25న ఇంకో ఉత్తర్వు, జులై 1 నుంచి అమలు. ఆ నెల బిల్లు వచ్చిన రోజు కళ్లద్దాలు తుడుచుకుని మూడుసార్లు చూశాను. రాత్రి యూనిట్లలోంచి పగటి యూనిట్లు ఎప్పటిలాగే తీసేశారు. ఫిక్స్‌డ్ చార్జీ, సుంకం. ఈసారి జిలేబీలు తెప్పించలేదు. మా ఆవిడ, "ఆగు, పై నెలది కూడా రానీ" అంది.

ఉత్తర్వు వెనక అభ్యంతరాలు చెప్పినవాళ్ల పేర్ల పట్టిక ఉంటుంది. వెతికితే నా పేరు దొరికింది. మన ఇంటిపేర్లు ఇంగ్లీషులోకి, మళ్లీ మరాఠీవాళ్ల చేతిలోకి పోయి వచ్చేసరికి ఏమవుతాయో తెలుసు కదా. చివర ఉన్న "ళ్ల" మాయమై ఇంకెవరిదో ఇంటిపేరైంది. పక్కన ఊరు పేరు సరిగ్గా ఉంది కాబట్టి నేనే అనుకోవాలి.

ప్యానెళ్లు ఆదివారం ఆదివారం కడుగుతున్నాను. ఎండ ముదరక ముందే, వెదురుకు పాత బనియన్ కట్టి. వేడెక్కిన అద్దం మీద చల్లనీళ్లు పోస్తే పగులుతుందని గుత్తేదారు హెచ్చరించాడు. బనియన్ పిండితే నల్లటి నీళ్లు దిగుతాయి, వేలితో రాస్తే కాటుక లాగే ఉంటుంది. బొగ్గు దుమ్ము, బూడిద. కడిగిన రోజున ఒకటి ఒకటిన్నర యూనిటు ఎక్కువ వస్తుంది, పుస్తకంలో ఉంది.

మొన్న పక్క వాడ నుంచి ముగ్గురు వచ్చారు, నోటుబుక్కు ఎలా రాయాలో చూపించమని. గీతలు గీసి, తేదీ, వేళ, రెండు అంకెలు, చివర ఆకాశం ఎలా ఉందో ఒక మాట, ఇంతేనని చూపించాను. చాయ్ తాగి జిరాక్సు పట్టుకుపోయారు. ఇద్దరు మరునాడే మొదలుపెట్టారట. మూడో ఆయన ఇంకా ప్యానెళ్లే పెట్టించలేదు, ముందు లెక్క నేర్చుకుని తరువాత పెట్టిస్తాడట.